పాఠాన్ని విద్యార్థుల చేతికి ఇవ్వడం ఎలా: ఒక్క యూనిట్, మూడు వారాలు

విద్యార్థి కేంద్రిత బోధన గురించి శిక్షణ తరగతుల్లో విని వచ్చిన ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆలోచన బాగానే ఉంది, మరి సోమవారం ఉదయం తరగతిలోకి వెళ్ళి ఏం చేయాలి? సిలబస్ ఎలా పూర్తవుతుంది?" ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. పాఠశాల మొత్తాన్ని మార్చే ప్రణాళిక ఇందులో లేదు. ఒక సబ్జెక్టులో ఒక్క యూనిట్‌ను విద్యార్థులు తమ వేగంతో, తాము ఎంచుకున్న దారిలో నేర్చుకునేలా మూడు వారాల పాటు ఎలా నడపాలో మాత్రమే చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మనకు అలవాటైన తరగతిలో సమయం అందరికీ ఒకటే, నేర్చుకున్నది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. యూనిట్‌కు కేటాయించిన పీరియడ్లు పూర్తి కాగానే ఎవరికి ఎంత వచ్చినా మార్కులు వేసి తరువాతి పాఠానికి వెళ్ళిపోతాం. అమెరికా విద్యా మనోవిజ్ఞాని బెంజమిన్ బ్లూమ్ 1968లో ప్రతిపాదించిన ప్రావీణ్య అభ్యసన విధానం ఈ లెక్కను తిరగేసింది: చేరవలసిన చోటు అందరికీ ఒకటే, పట్టే సమయమూ అందే సాయమూ మారవచ్చు. కింది దశలన్నిటికీ ఇదే ఆధారం. గమ్యాన్ని మీరు నిర్ణయిస్తారు. వేగం, దారి, నేర్చుకున్నట్లు రుజువు చూపే పద్ధతి, ఈ మూడింటిలో పిల్లలకు ఎంపిక ఉంటుంది.

ఉదాహరణగా పది, పదకొండేళ్ళ పిల్లల భిన్నాల కూడికను తీసుకున్నాను. తరగతిలో 30 మంది, పీరియడ్ 45 నిమిషాలు, మొత్తం 15 పీరియడ్లు అనుకుందాం. మీ సబ్జెక్టు వేరైనా దశలు ఇవే.

కావలసినవి

- మీకు బాగా పట్టున్న యూనిట్ ఒకటి. కొత్త పాఠాన్నీ కొత్త పద్ధతినీ ఒకేసారి నెత్తికెత్తుకోకండి.
- ఒక్కో విద్యార్థికి ఒక ప్రగతి పత్రం. ఒక కాగితం మీద లక్ష్యాల వరుస, ఎదురుగా తేదీ వేసుకోవడానికి గడులు ఉంటే చాలు.
- మూడు నుంచి ఐదు ట్యాబ్‌లు లేదా పాత కంప్యూటర్లు. ఇవి లేకపోయినా పని ఆగదు. ప్రత్యామ్నాయం నాలుగో దశలో ఉంది.
- ముందస్తు పరీక్షకూ, చివరి పరీక్షకూ, మళ్ళీ రాసేవారికీ కలిపి ఒకే స్థాయిలో మూడు ప్రశ్నపత్రాలు.
- ప్రధానోపాధ్యాయుని అనుమతి, తల్లిదండ్రులకు ముందుగా పంపే అర పేజీ లేఖ. లేఖ లేకపోతే "మా పిల్లవాడికి క్లాసులో పాఠం చెప్పడం లేదట" అనే ఫిర్యాదు మొదటి వారంలోనే వస్తుంది.

పీరియడ్లను ఇలా పంచుకోండి: ముందస్తు పరీక్షకు 1, అలవాట్లు నేర్పడానికి 1, పనికి 10, అందరికీ కలిపి పెట్టే పరీక్షకు 1, ప్రదర్శనకు 1. మిగిలిన 1 పీరియడ్‌ను చేతిలో ఉంచుకోండి, తప్పకుండా అవసరమవుతుంది.

1. లక్ష్యాలను "చేయగలను" అనే మాటతో రాయండి

యూనిట్‌ను ఐదారు లక్ష్యాలుగా విడగొట్టి, ప్రతి దాన్నీ విద్యార్థి తన నోటితో చెప్పుకోగలిగేలా రాయండి. భిన్నాల యూనిట్‌కు నేను రాసుకున్నవి ఇవి: భిన్నాన్ని సంఖ్యారేఖపై గుర్తించగలను, సమాన భిన్నాలను కనుక్కోగలను, రెండు భిన్నాల్లో ఏది పెద్దదో చెప్పి కారణం వివరించగలను, హారాలు ఒకటే అయిన భిన్నాలను కూడగలను, హారాలు వేరైన భిన్నాలను కూడగలను, కూడిక అవసరమయ్యే రాత సమస్యను సాధించగలను.

"అర్థం చేసుకుంటాను", "అవగాహన పెంచుకుంటాను" వంటి మాటలను కొట్టివేయండి. అర్థమైందో లేదో పిల్లవాడికే తెలియనప్పుడు ఆ గడిలో తేదీ ఎలా వేసుకుంటాడు? చూసి తేల్చగలిగిన పని మాత్రమే లక్ష్యంగా ఉండాలి.

2. ముందస్తు పరీక్ష పెట్టి, మార్కులకు బదులు తప్పులను చదవండి

ఈ దశను తొందరపడి దాటవేసినవారి తరగతులే తరువాత గందరగోళంలో పడతాయి. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

ఎనిమిది ప్రశ్నలు, 20 నిమిషాలు, మార్కులు ఉండవని ముందే చెప్పండి. పత్రాలు చేతికి వచ్చాక ఎరుపు సిరా పక్కన పెట్టి తప్పుల వెనక ఉన్న ఆలోచన ఏమిటో చూడండి. ఒక అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని రాసింది అనుకుందాం. ఆమె నిర్లక్ష్యంగా రాయలేదు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడింది, అంటే భిన్నాన్ని ఒక సంఖ్యగా కాక పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు అంకెలుగా చూస్తోంది. పక్కనే మరో అబ్బాయి 1/8 అనేది 1/6 కంటే పెద్దదని రాశాడు, ఎందుకంటే 6 కంటే 8 పెద్దది. మూడో పిల్లవాడు క.సా.గు. సరిగ్గా కనుక్కున్నాడు, హారాలు మార్చాడు, లవాలు మార్చడం మరిచిపోయాడు. ముగ్గురికీ ఆ ప్రశ్నల్లో సున్నాయే వస్తుంది. కానీ మొదటి ఇద్దరికీ సంఖ్యారేఖ కావాలి, మూడోవారికి పది నిమిషాల అభ్యాసం సరిపోతుంది. ముగ్గురినీ కూర్చోబెట్టి అదే పాఠం మొదటి నుంచి చెప్పడం ముగ్గురికీ నష్టమే.

మొదటి అమ్మాయికి తప్పు అని చెప్పకుండా, 1/2ను, ఆమె రాసిన 2/5ను ఒకే సంఖ్యారేఖపై గుర్తించమనండి. 2/5 సగానికి ఎడమవైపు పడుతుంది. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చింది?" అని అడిగి ఆగండి. ఆ మౌనంలో జరిగే పనిని మీరు చెప్పే వివరణ భర్తీ చేయలేదు.

పత్రాలను మూడు కుప్పలు చేయండి: పునాది నుంచి మొదలుపెట్టవలసినవారు, మధ్యలో ఆగినవారు, దాదాపు పూర్తిగా వచ్చినవారు.

హెచ్చరిక: ఈ కుప్పలు ఈ యూనిట్‌కు మాత్రమే. వాటికి పేర్లు పెట్టకండి, గోడకు అంటించకండి, ప్రతి మూడు నాలుగు పీరియడ్లకు ఒకసారి మళ్ళీ వేరు చేయండి. అలా కదలని కుప్ప కొన్నాళ్ళకు పిల్లల మీద ముద్రగా మిగిలిపోతుంది.

3. ఎంపికకు హద్దు గీయండి

నేను మొదటిసారి ఈ పద్ధతి ప్రయత్నించినప్పుడు ఎనిమిది రకాల పనులు బోర్డు మీద రాసి నచ్చింది ఎంచుకోమన్నాను. పీరియడ్‌లో సగం ఎంచుకోవడంతోనే గడిచిపోయింది. మిగిలిన సగంలో చాలామంది స్నేహితుడు ఎంచుకున్నదే ఎంచుకున్నారు. తప్పు పిల్లలది కాదు. ఎంచుకోవడం కూడా నేర్పవలసిన నైపుణ్యమేనన్న సంగతి నాకు తట్టలేదు.

కాబట్టి మొదటి వారం రెండే ఎంపికలు ఇవ్వండి: కొత్త విషయాన్ని వీడియో చూసి నేర్చుకోవాలా, సాధించిన ఉదాహరణల కార్డులు చదివి నేర్చుకోవాలా; ఒంటరిగా చేయాలా, జతగా చేయాలా. రెండో వారంలో అభ్యాసం చేసే వరుసను, మూడో వారంలో రుజువు చూపే పద్ధతిని కూడా వారికే వదలండి. లక్ష్యాలు, వాటిని పరీక్షించే కొలమానం, చివరి తేదీ మాత్రం ఎంపికలోకి రావు.

ఇలా హద్దులో స్వేచ్ఛ ఇవ్వడం కొత్త విషయం కాదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ప్రారంభించిన బాలల గృహంలో పిల్లలు పనిని తామే ఎంచుకునేవారు, కానీ ఎంచుకునే సామగ్రిని పెద్దలు ఎంతో జాగ్రత్తగా ముందే అమర్చి ఉంచేవారు. అమెరికా ఉపాధ్యాయురాలు హెలెన్ పార్క్‌హర్స్ట్ రూపొందించిన డాల్టన్ విధానంలో విద్యార్థి నెలకు సరిపడా పనిని ఒప్పందంగా తీసుకుని, ఏ రోజు ఏ సబ్జెక్టు చేయాలో తానే నిర్ణయించుకునేవాడు. ఒప్పందంలోని పని మాత్రం పూర్తి కావలసిందే. మీరు కూడా ప్రగతి పత్రాన్ని అలాంటి ఒప్పందంగానే చూడండి, విద్యార్థి చేత సంతకం చేయించండి.

4. వనరులు సిద్ధం చేయండి

ప్రతి లక్ష్యానికి రెండు దారులు ఉంటే చాలు: ఒక చిన్న వీడియో, నాలుగు సాధించిన ఉదాహరణలున్న ఒక కార్డు. వీటికి తోడు జవాబులు వెనకవైపు ఉన్న అభ్యాస ప్రశ్నలు కావాలి.

వీడియో ఆరు నిమిషాలు దాటకుండా చూసుకోండి. 2014లో ఆన్‌లైన్ కోర్సుల వీడియోలను పరిశీలించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి శ్రద్ధగా చూసేది ఆరు నిమిషాలకు మించలేదని తేలింది. వీడియో మీరే తీయవచ్చు. ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద నిలబెట్టి, కింద కాగితం మీద మీ చెయ్యి లెక్క చేస్తుండగా తీసినా సరిపోతుంది. జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు 2007లో అమెరికాలోని కొలరాడోలో తమ పాఠాలను రికార్డు చేయడం మొదలుపెట్టింది బడికి రాలేకపోయిన విద్యార్థుల కోసమే. ప్రతి వీడియో తరువాత రెండు ప్రశ్నలు తప్పకుండా ఉంచండి. ప్రశ్న లేని వీడియో చూసిన పిల్లవాడు అంతా వచ్చేసిందన్న భావనతో లేస్తాడు, పెన్ను పట్టుకోగానే ఆగిపోతాడు.

ఇంటర్నెట్ సరిగ్గా లేకపోతే, కొలిబ్రి వంటి ఉచిత వేదికను ఒక కంప్యూటర్‌లో ఉంచి, ఖాన్ అకాడమీ వీడియోలు, అభ్యాసాలను ముందే దింపుకొని, గదిలోని పరికరాలకు ఇంటర్నెట్ లేకుండానే అందించవచ్చు. పరికరాలే లేకపోతే కార్డుల దారినే రెండు రకాలుగా చేయండి: ఒకటి బొమ్మలతో, ఒకటి అంకెలతో. ఈ పద్ధతిలో సాంకేతికత పని ఉపాధ్యాయుని సమయాన్ని విడిపించడమే. మీరు ముప్పై మందికి ఒకేసారి చెప్పే పదిహేను నిమిషాలను వీడియో తీసుకుంటే, ఆ పదిహేను నిమిషాలు ఆగిపోయిన ఐదుగురి దగ్గర కూర్చోవడానికి మీకు దొరుకుతాయి. అలా దొరకడం లేదంటే ఆ పరికరం వల్ల మీకు ప్రయోజనం లేదని అర్థం.

5. అలవాట్లను విడిగా నేర్పండి

దీనికి ఒక పూర్తి పీరియడ్ ఇవ్వండి, ఆ రోజు భిన్నాలు ముట్టుకోకండి. సాయం ఎలా అడగాలో నేర్పండి: ముందు కార్డు, తరువాత తోటి విద్యార్థి, ఆ తరువాతే ఉపాధ్యాయుడు. బల్ల మీద ఆకుపచ్చ, ఎరుపు కాగితాలు ఉంచండి; ఆకుపచ్చ అంటే పని సాగుతోంది, ఎరుపు అంటే ఆగిపోయింది. చెయ్యి పైకెత్తి కూర్చుంటే పని ఆగుతుంది, కాగితం పెడితే మీరు వచ్చేలోగా తరువాతి ప్రశ్న చూడవచ్చు. పరికరం తీసుకోవడం, తిరిగి పెట్టడం రెండుసార్లు ఆచరించి చూపండి.

6. రోజువారీ పీరియడ్ ఇలా నడపండి

మొదటి 5 నిమిషాల్లో ప్రతి ఒక్కరూ ఈ రోజు ఏ లక్ష్యం, ఏ దారి అన్నది ప్రగతి పత్రంలో ఒక వాక్యంగా రాస్తారు. తరువాతి 33 నిమిషాలు పని. చివరి 7 నిమిషాల్లో అందరికీ ఒకే ప్రశ్న చిన్న చీటీ మీద: ఉదాహరణకు, "3/4, 2/3లలో ఏది పెద్దది? ఎలా తెలిసింది?" సాయంత్రం ఆ చీటీలను చదవడానికి పావుగంట పడుతుంది, మరుసటి రోజు ఎవరి దగ్గర కూర్చోవాలో అవే చెబుతాయి.

ఆ 33 నిమిషాల్లో మీరు ఖాళీగా తిరగకూడదు. 12 నిమిషాలు ఒకే చోట ఆగిన నలుగురైదుగురికి నేరుగా పాఠం చెప్పండి. 9 నిమిషాల్లో ముగ్గురితో ఒక్కొక్కరికి 3 నిమిషాల చొప్పున మాట్లాడండి. పది పీరియడ్లలో 30 మందీ పూర్తవుతారు. మిగిలిన సమయం ఎరుపు కాగితాలకు.

నేరుగా చెప్పడం ఈ పద్ధతికి విరుద్ధమని భావించేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. విషయం కొత్తగా ఉన్న పిల్లవాడిని "నువ్వే కనుక్కో" అని వదిలేస్తే అతని శ్రద్ధంతా వెతుకులాటలో ఖర్చవుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి స్పష్టమైన మార్గదర్శనమే మేలని విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. నా తరగతి అనుభవమూ అదే చెబుతుంది. ఎంత తెలిస్తే అంత స్వేచ్ఛ ఉపయోగపడుతుంది.

మూడు నిమిషాల మాటలో మూడే ప్రశ్నలు: "ఇప్పుడు ఏం చేస్తున్నావు? ఎక్కడ ఆగింది? తరువాత ఏం చేస్తావు?" జవాబును ప్రగతి పత్రంలో పిల్లవాడే రాయాలి.

7. సిద్ధమన్నప్పుడు పరీక్షించండి

ఒక లక్ష్యం పూర్తయిందని విద్యార్థి చెప్పగానే ఐదు ప్రశ్నలు ఇవ్వండి. నాలుగు సరిగ్గా రావాలి, వాటిలో ఒకదాన్ని నోటితో వివరించాలి. రాకపోతే అదే వీడియో మళ్ళీ చూడమనకండి. రెండో దారికి పంపి, రెండు రోజుల తరువాత వేరే ప్రశ్నలు ఇవ్వండి. చివరి లక్ష్యానికి రుజువును పిల్లలే ఎంచుకోవచ్చు: సొంతంగా రాసి సాధించిన సమస్యలు, రికార్డు చేసిన వివరణ, తోటివారికి చెప్పిన పాఠం. కొలమానం మాత్రం అన్నిటికీ ఒకటే. రంగురంగుల చార్టు తయారై, అందులో హారాలు వేరైన కూడిక ఒక్కటి కూడా లేకపోతే లక్ష్యం పూర్తి కానట్లే.

తరచుగా జరిగే పొరపాట్లు

పిల్లలను "చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు" అని విభజించి దారులు కేటాయించడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. అలాంటి విభజనకు సరిపోయేలా బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది. దారిని పిల్లవాడు ఎంచుకోనివ్వండి, ఒక దారి పని చేయకపోతే రెండోది చూపండి. అతనికి ఒక రకం అని పేరు పెట్టకండి.

త్వరగా పూర్తి చేసినవారికి అవే లెక్కలు మరో ఇరవై ఇవ్వడం రెండో పొరపాటు. అది వారికి శిక్షలా అనిపిస్తుంది, తరువాతి యూనిట్‌లో వారు కావాలనే నెమ్మదిస్తారు. వారికి లోతైన ప్రశ్న ఇవ్వండి: "లవం 1గా ఉన్న రెండు వేర్వేరు భిన్నాలను కూడితే 1/2 రావాలి. అలాంటి జత ఏది?" జవాబు 1/3, 1/6. అది దొరికాక ఇంకో జత ఉంటుందా, ఎందుకు ఉండదు అని అడిగితే మరో పీరియడ్ గడుస్తుంది.

నిశ్శబ్దంగా కూర్చునే పిల్లలు ఈ పద్ధతిలో తప్పిపోవడం చాలా సులభం. రోజూ ఆకుపచ్చ కాగితం పెట్టి, తల వంచుకుని, పేజీ తిప్పుతూ ఉండే పిల్లవాడి దగ్గరికే మొదటి వారంలో ముందుగా వెళ్ళండి. జతగా పని చేసేటప్పుడు ఒకరు చేసి మరొకరు రాసుకునే ప్రమాదం ఉంది. చీటీ ప్రశ్నను ఎప్పుడూ ఒంటరిగానే రాయించండి.

కాగితం మీది వర్క్‌షీట్‌నే తెర మీదికి మార్చడం, పాయింట్లు, బ్యాడ్జీలు చూపి ఉత్సాహం తెప్పించాలనుకోవడం సాంకేతికత విషయంలో జరిగే తప్పులు. కృత్రిమ మేధ చాట్‌బాట్‌లు వాడే అవకాశం ఉన్నచోట నియమం ఒక్కటే పెట్టండి: జవాబు అడగకూడదు, సూచన అడగవచ్చు. దాన్ని పాటించారో లేదో పరికరం చేతిలో లేనప్పుడు నోటితో అడిగే ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

ఫలితం ఎలా చూడాలి

తరగతి సందడిగా, పిల్లలు సంతోషంగా ఉండటం మంచిదే, కానీ అది నేర్చుకున్నదానికి రుజువు కాదు. ముందస్తు పరీక్షనూ చివరి పరీక్షనూ లక్ష్యాల వారీగా పక్కపక్కన పెట్టండి. తరగతి సగటును చూసి తృప్తి పడకండి. మొదటి కుప్పలో ఉన్న పిల్లలు ఎంతమంది ఎక్కడికి కదిలారో విడిగా లెక్కించండి. సగటు పెరిగి ఆ కుప్ప కదలకపోతే మీరిచ్చిన ఎంపిక ముందే వచ్చినవారికి మాత్రమే ఉపయోగపడింది. అప్పుడు తరువాతి యూనిట్‌లో ఆ పిల్లలకు దారులు తగ్గించి, మీరు నేరుగా చెప్పే సమయం పెంచండి.

యూనిట్ మధ్యలో ఏదో ఒక రోజు ఐదుగురిని ఆపి, "ఇప్పుడు నీ లక్ష్యం ఏమిటి, అది వచ్చిందని ఎలా తెలుస్తుంది?" అని అడగండి. నలుగురు చెప్పలేకపోతే పిల్లలు పనిలో ఉన్నారు గానీ లక్ష్యంలో లేరు. ఐదు నిమిషాల ప్రణాళిక రాయడం మొక్కుబడిగా మారిందని గ్రహించండి. అలాగే ఒక పీరియడ్‌లో తరగతి మొత్తాన్ని ఉద్దేశించి మీరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో ఒక విద్యార్థి చేత రాయించండి. పది నిమిషాలు దాటితే పాత పద్ధతే కొత్త పేరుతో నడుస్తోంది.

పెద్ద తరగతి అయితే

60 మంది ఉన్నచోట ఒక్కొక్కరితో మాట్లాడటం కుదరదు. జతలతో మాట్లాడండి, ఎంపికను దారి ఒక్కదానికే పరిమితం చేయండి, చీటీలను రోజుకు సగం మందివే చదవండి. ఉమ్మడి పరీక్ష తేదీ మీ చేతిలో లేకపోతే దాన్నే చివరి తేదీగా పెట్టుకోండి. ఆ తేదీకి లక్ష్యాలు పూర్తి కానివారికి తరువాతి యూనిట్‌లో వారానికి ఒక పీరియడ్ మిగిల్చి ఉంచండి.

యూనిట్ ముగిసిన రోజే నెల తరువాతి ఒక తేదీని మీ డైరీలో రాసుకోండి. ఆ రోజు ముందుగా చెప్పకుండా ఇవే లక్ష్యాల మీద ఆరు ప్రశ్నలు ఇవ్వండి. మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగాల్లో వారం తరువాత చూస్తే, మళ్ళీ మళ్ళీ చదివినవారికంటే జ్ఞాపకం నుంచి రాసినవారికే విషయం ఎక్కువగా గుర్తుంది. కాబట్టి ఈ ఆరు ప్రశ్నలు పరీక్షగానూ, పునశ్చరణగానూ పనికొస్తాయి. 1/2 + 1/3 = 2/5 అని రాసిన అమ్మాయి పత్రాన్ని అన్నిటికంటే ముందు తీసి చూడండి.